డోలు లేని రేవు పాట

ఎమ్మిగనూరు,
జూన్ 4.

అన్నా,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాసిందేమిటని కంగారుపడకు. అమ్మ బాగుంది. మగ్గం ఆడుతోంది. నేనూ బాగానే ఉన్నాను. కాకపోతే నా ఫోన్‌ను బీరువాలో చీరల కింద పెట్టి, తాళం చెవి అమ్మకిచ్చేశాను. "నేను ఎంత అడిగినా ఇయ్యొద్దు మా" అని చెప్పాను. అమ్మ దగ్గరున్న చిన్న ఫోన్లో నీతో ఈ సంగతి మాట్లాడలేను, ఆమె పక్కనే కూర్చుని వింటుంది. పైగా నువ్వు ఈమధ్య ఫోన్లో రెండు మాటలకే పెట్టేస్తున్నావు. పోయిన ఆదివారం అమ్మ "జొరం తగ్గిందా నాయనా?" అని అడిగితే "ఆ, తిన్న్యా, తిన్న్యా" అన్నావట. ఎవరి మీద ధ్యాస పెట్టుకుని మాట్లాడుతున్నావో మరి.

సంగతికి వస్తాను. మనూళ్ళో నెట్ సెంటర్ మూసేసినప్పుడు నువ్వు ఒక పాత కంప్యూటర్ తెచ్చావు కదా. అందులో ఎవరో వదిలేసిన ఆట ఒక్కటే ఉండేది, "డస్ట్ హార్బర్". సముద్రం ఎండిపోయిన రేవు, ఇసుకలో కూరుకుపోయిన ఓడలు, నీళ్ళు వెతుక్కుంటూ పోయే ఒంటరి మనిషి. అతను ఎంత దూరం పోయినా తిరిగి వచ్చేటప్పుడు రేవు దూరంగా కనబడగానే ఒక పాట మొదలై, అడుగు పెట్టేదాకా సాగేది. మాటల్లేవు, ఉత్త రాగం. ఆ ఎండ, ఆ దుమ్ము చూసి అది మన ఆదోని వైపు వాళ్ళెవరో చేసిన ఆట అనుకున్నాను చాలా రోజులు. నువ్వు స్నానం చేసేటప్పుడు కూడా ఆ రాగమే ఈల వేసేవాడివి.

ఆ రేవు పాటను నేను నా పద్ధతిలో కట్టాను అన్నా. ఆటల్లోని పాటలంటే ప్రాణం పెట్టేవాళ్ళు వాటిని తమ వాయిద్యాల మీద మళ్ళీ వాయించి నెట్లో పెట్టుకుంటారు. ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో విని, కింద తమ అభిప్రాయం రాస్తారు. నేను హార్మోనియం వాయించాను. కంప్యూటర్లో ఫ్లూటు కలిపాను. "దీనికి డోలు పడితే ఎట్లుంటాదో" అని నువ్వు ఎప్పుడో అన్నావు కాబట్టి బొజ్జన్న మామను బతిమాలి డోలు వాయించుకున్నాను. మన మగ్గం పక్కనే కూర్చుని వీడియో తీసి పెట్టాను.

జనం విన్నారు. నేను ఊహించినదానికంటే చాలా ఎక్కువమంది. ఆ రోజు నుంచి నాకు పని మీద చూపు నిలవలేదు. మగ్గంలో నాడె ఒకసారి విసరడం, ఫోన్ ఒకసారి చూడడం. ఒకరు మెచ్చుకుంటే ఆకలి వేసేది కాదు, ఒకరు తిడితే అన్నం దిగేది కాదు. చీర అంచులో పోగులు తప్పుగా అతికి, అమ్మ కూర్చుని మొత్తం విప్పింది. అందుకే ఫోన్ బీరువాలోకి పోయింది.

కానీ తెలుసుకోకుండా ఉండలేను. నా ఖాతా పాస్‌వర్డు ఈ కాగితం వెనక రాశాను. నువ్వు చూసి, వాళ్ళు ఏమంటున్నారో తెలుగులో రాసి పంపు. మంచివీ చెడ్డవీ రెండూ రాయాలి. ఒకటీ దాచకూడదు. నీ అభిప్రాయం కూడా రాయి. నాకు ముందు కావాల్సింది అదే.

నీ చెల్లెలు
చౌడేశ్వరి


కమలాపురం,
జూన్ 13.

పాపా,

నీ ఉత్తరం అందింది. మా బండల ఫ్యాక్టరీకి పోస్టుమాను రావడమే వింత. దావీదురాజు నా చేతిలోంచి లాక్కుని "యాడిదప్పా ఇది, పెండ్లి సంబంధమా?" అని అందరికీ చూపించాడు. వాడూ నేనూ ఒకే గదిలో ఉంటున్నామని చెప్పాను కదా. ఇక ఆ వెక్కిరింత వారం రోజులు తప్పదు.

ఉత్తరం రాయడం చాలా మంచి పని చేశావు. నిజంగా అంటున్నాను. ఇకనుంచి ఇట్లాగే రాస్తూ ఉండు. ఫోన్లో ఈడ సిగ్నలు సరిగా ఉండదు. చదువుతుంటే నువ్వు ఎదురుగా కూర్చుని గడగడా మాట్లాడినట్టే ఉంది, ఒక్క మాట కూడా పోలేదు.

నువ్వడిగినట్టు అభిప్రాయాలు చూశాను. నా ఇంగ్లీషు నీకు తెలిసిందే, ఫోనే తెలుగు చేసి పెట్టింది. కొన్ని రాస్తున్నాను.

బ్రెజిల్‌లో ఉండే ఒకతను, "అసలు పాటలో సముద్రపు గాలి ఉంది, ఇందులో దుమ్ము ఉంది. ఆ రేవులో ఉండాల్సింది దుమ్మే కదా" అన్నాడు.

ఒకామె తన బిడ్డను నిద్రపుచ్చడానికి ఇదే పెడుతోందట. ఆ డోలు మోతకు నిద్రపోయే బిడ్డ ఎవరో చూడాలని ఉంది నాకు.

ఇంకొకతను, "ఫ్లూటు వచ్చే చోట నా ఒళ్ళు జలదరించింది. ఎవరో రేవు అవతలి నుంచి పేరు పెట్టి పిలిచినట్టుంది" అన్నాడు. ఫ్లూటు గురించి చాలామంది మెచ్చుకుంటూ రాశారు.

చెడ్డవి కూడా రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. ఒక పెద్దాయన, "కచేరీ జరుగుతుండగా ఎద్దు ఒకటి లోపలికి వచ్చినట్టుంది ఆ డోలు" అన్నాడు. దానికి కింద ఇంకొకరు, "ఆ ఎద్దు కోసమే నేను వింటున్నాను" అని జవాబిచ్చారు. అంతకంటే చెడ్డవేమీ లేవు. అందరూ మంచివాళ్ళే.

నా అభిప్రాయం అడిగావు. నాకు డోలే ప్రాణం పాపా. ఫోన్‌ను గుండె మీద పెట్టుకుని పడుకుంటే లోపల ఎవరో నడుస్తున్నట్టు ఉంటుంది. ఎవరేమన్నా దాన్ని తీసేయకు.

అమ్మ అడిగిన జ్వరం సంగతి నేను సరిగా వినలేదు. మిషన్ పక్కన ఉన్నాను. నాకు ఎప్పుడో తగ్గిపోయిందని చెప్పు.

ఉమామహేశ్వర


ఎమ్మిగనూరు,
జూన్ 27.

అన్నా,

నీ ఉత్తరం నాలుగైదు సార్లు చదివాను. బిడ్డను నిద్రపుచ్చే ఆమె గురించి అమ్మకు చెబితే, "యా దేశమో ఏమో, ఆ బిడ్డ సల్లగుండనీ" అంది. నువ్వు రాసిన ఎద్దు మాటకు మాత్రం నాకు నవ్వు రాలేదు. నిద్రలో కూడా అదే గుర్తొస్తోంది.

ఫోన్ లేకుండా ఇన్ని రోజులు గడిచాక నిన్న నా పాట నేనే కంప్యూటర్లో మళ్ళీ విన్నాను. ఎవరో పరాయి వాళ్ళది విన్నట్టు విన్నాను. అప్పుడు నాకు కొన్ని సంగతులు తెలిశాయి. అవేమిటో నీకు చెప్పను. కూర్చుని మొత్తం మళ్ళీ వాయించాను. ఇది నెట్లో పెట్టలేదు, ఎవరూ వినలేదు. బొజ్జన్న మామ కూడా వినలేదు. మొదటి శ్రోతవి నువ్వే.

ఈ ఉత్తరంలో మడతపెట్టిన చిన్న కాగితంలో మెమరీ కార్డు ఉంది, పారేసుకోకు. నీ ఫోన్లో పెట్టుకుని విను. ఏం మార్చానో నేను చెప్పను. విని నువ్వే రాయి. తోచింది తోచినట్టు రాయి. ఇంతవరకూ ఊరూ పేరూ తెలియని వాళ్ళ మాటలకు కుంగిపోయాను, పొంగిపోయాను. ఇప్పుడు నాకు నా అన్న మాట ఒక్కటి కావాలి.

అమ్మ అడగమంది. పంద్రాగస్టు సెలవుకైనా వస్తావా? "శానా దినాలాయ వాన్ని సూసి" అంటోంది.

చౌడేశ్వరి


కమలాపురం,
జూలై 8.

పాపా,

కార్డు జాగ్రత్తగా అందింది. ఆదివారం మధ్యాహ్నం గదిలో ఎవరూ లేనప్పుడు తలుపు వేసుకుని విన్నాను. ఒకటికి మూడు సార్లు విన్నాను.

చాలా బాగా చేశావు. మొదటిదానికంటే వంద రెట్లు మేలు. ముఖ్యంగా ఆ ఫ్లూటు ఉంది చూడు, అది వచ్చే చోట ఒళ్ళు జలదరించింది. రేవు అవతలి నుంచి ఎవరో పిలిచినట్టే ఉంది. డోలు కూడా ఈసారి కొంచెం తగ్గించినట్టున్నావు, అయినా నిండుగా ఉంది. ఇంతకంటే మార్చాల్సిందేమీ లేదు. ఉన్నది ఉన్నట్టు పెట్టేయ్.

పంద్రాగస్టుకు రావడం కుదరదనుకుంటాను. ఇప్పుడు ఆర్డర్లు ఎక్కువగా ఉన్నాయి. అమ్మకు ఏదో ఒకటి చెప్పు.

ఉమామహేశ్వర


ఎమ్మిగనూరు,
జూలై 15.

అన్నకు,

ఆ కార్డులో ఫ్లూటు లేదు.

డోలు కూడా లేదు. కంప్యూటర్‌తో కలిపిన ఫ్లూటు దొంగ ఫ్లూటులా అనిపించి తీసేశాను. డోలు రాగాన్ని తొక్కేస్తోందని తీసేశాను. కార్డులో ఉన్నది నా హార్మోనియం ఒక్కటే, అది కూడా మెల్లగా, పై స్వరాల్లో వాయించింది. దాన్ని నువ్వు మూడు సార్లు విన్నావు! ఒళ్ళు జలదరించింది!

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపిస్తూ మధ్యలో ఆగిపోయాను. "ఏమ్మా, ఏం రాసినాడు?" అంటే "బాగుందని రాసినాడు" అని కాగితం మడిచేశాను. తర్వాత తాళం చెవి అడిగి ఫోన్ తీశాను. ఆమె ఇవ్వనంది. నా ముఖం చూసి ఇచ్చింది.

నీ మాటలు ఎవరివో దొరికాయి. ఒళ్ళు జలదరించిన వాడు, రేవు అవతలి పిలుపు విన్న వాడు, నువ్వే రాసి పంపిన ఆ మూడో మనిషి. అతని మాటలు తీసుకుని నీవని నాకు పంపావు. వినడానికి కూడా నీకు తీరిక లేకపోతే లేదని రాయొచ్చు కదా. నేను నిన్ను బలవంతం చేశానా?

ఇంకా ఉంది. "మగ్గం గుంతలో కూర్చునేవాళ్ళకు ఈ పాటలెందుకు, పోయి దుప్పట్లు నేసుకో" అని తెలుగులోనే రాసినవాడు ఒకడున్నాడు. దాని కింద నవ్వినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఫోన్ బీరువాలో పెట్టకముందే అది చదివాను నేను. నీకు చెప్పలేదు. అది నువ్వు రాస్తావా రాయవా అని ఎదురుచూశాను. నువ్వు "అందరూ మంచివాళ్ళే" అన్నావు. నా మనసు నొచ్చుతుందని దాచావనుకుని అప్పుడు లోపల సంతోషపడ్డాను కూడా.

మరి ఇది ఎవరి మనసు కోసం దాచావు? అభిమానులు కట్టిన ఆటపాటలన్నీ ఏరి ఏటా ఒక సంకలనం తెచ్చేవాళ్ళున్నారు. వాళ్ళలో పోలండ్‌లో ఉండే ఒకామె జూన్‌లోనే నాకు రాసింది. నా పాట తీసుకోవాలని ఉందనీ, డోలు రాగాన్ని కప్పేస్తోందని శ్రోతలు చాలామంది అంటున్నారనీ, డోలు లేకుండా పంపగలనా అనీ అడిగింది. జూలై ఆఖరు దాకా గడువిచ్చింది. దాన్ని నువ్వు తెరిచి చదివినట్టు గుర్తు పడి ఉంది. చదివి నాకు చెప్పలేదు. "డోలు తీసేయకు" అని మాత్రం రాశావు.

ఆ మగ్గం గుంత మాట అన్నవాడు నాకు ఎవరో తెలియదు. నువ్వు తెలుసు. అందుకే నీదే ఎక్కువ నొప్పిగా ఉంది.

చౌడేశ్వరి


కమలాపురం,
జూలై 21.

పాపా,

రెండు రోజులు ఈ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు రాసిన ప్రతి మాటా నిజం. ఒకటి తప్ప. తీరిక లేక కాదు.

నేను విన్నాను. ఆదివారం తలుపు వేసుకుని విన్న మాట అబద్ధం కాదు. కార్డు పెట్టాను. ఫోన్లో పాట నడుస్తున్నట్టు గీత కదులుతోంది. నాకేమీ వినబడలేదు. ఎక్కడో దూరంగా తేనెటీగ పోతున్నట్టు సన్నగా ఒక రొద, అంతే. కార్డు చెడిపోయిందనుకుని తీసి తుడిచి మళ్ళీ పెట్టాను. సౌండు పూర్తిగా పెంచాను. ఫోన్‌ను దవడకు ఆనించుకున్నాను. ఇంతలో దావీదురాజు తలుపు తోసుకుని వచ్చి, "ఏమప్పా, ఇంత సౌండు పెట్టినావు, వీధి మొదట్లోకి ఇనపడ్తాండాది. బాగుండాది లే, ఎవరిదీ?" అన్నాడు. వాడి పెదాలు చూస్తూ ఉంటే వాడి మాట నాకు అర్థమవుతుంది. అప్పుడు తెలిసింది, చెడింది కార్డు కాదని.

బండలు కోసే మిషన్ దగ్గర నేను చేరి ఆరేళ్ళవుతోంది. మొదట పిచ్చుకలు పోయాయి. ఈ ఊళ్ళో పిచ్చుకలు లేవనుకున్నాను. తర్వాత ఫోన్ మోగడం పోయింది. తర్వాత ఆడవాళ్ళ గొంతులు, చిన్నపిల్లల గొంతులు. అమ్మ ఫోన్లో ఏదో అంటుంది, గొంతు ఉందని తెలుస్తుంది, మాట తెలియదు. జ్వరం గురించి అడిగిందో అన్నం గురించి అడిగిందో ఊహించి జవాబు చెబుతాను. చాలాసార్లు తప్పుతాను. చెవుల్లో ఎప్పుడూ ఒక ఈల మోగుతూ ఉంటుంది, అది మాత్రం బాగా వినబడుతుంది.

బరువైన మోతలు ఇంకా అందుతాయి. లారీ ఇంజను, ఉరుము, బొజ్జన్న మామ డోలు. నీ మొదటి పాటలో నేను విన్నది డోలు ఒక్కటే పాపా. మిగతా రాగం నాకు గుర్తున్నది నేనే లోపల అనుకుంటూ, దాని అడుగుల మీద నడిపించుకున్నాను. అందుకే ఆ పోలండామె రాసింది దాచాను. డోలు పోతే నాకు ఆ పాటలో ఇంకేమీ మిగలదు. నీ అవకాశం కంటే నాకు అదే ముందు అనిపించింది ఆ పూట. తర్వాత చెబుదాంలే అనుకున్నాను. రోజులు గడిచాయి, నోరు రాలేదు.

ఎవరికైనా చెబితే పనిలోంచి తీసేస్తారు. అమ్మకు చెబితే కుంగిపోతుంది. అందుకని ఎవరికీ చెప్పలేదు. కానీ ఇది కూడా నీకు తెలియాలి. పోయిన నెల బండలు ఎక్కించే లారీ వెనక్కి వస్తోంది. నేను వీపు తిప్పి నిలబడి ఉన్నాను. దావీదురాజు కాలరు పట్టి లాగకపోతే ఈ ఉత్తరం ఉండేది కాదు. వాడు నన్ను తన వైపు తిప్పుకున్నాడు. "సెవుల్లేవా నీకు? అంతసేపు హారను కొడ్తాండాడు, మేమంతా అరస్తాండాం, నువ్వు యాడ చూస్తాండావు?" అన్నాడు. ఏదో ఆలోచనలో ఉన్నానని చెప్పాను. వాడు నమ్మినట్టు తల ఊపాడు. నమ్మలేదని నాకు తెలుసు. ఆ రోజు నుంచి వాడు నాకు ఎదురుగా వచ్చి నిలబడితే తప్ప మాట్లాడడు.

నువ్వు ఉత్తరం రాసినప్పుడు నాకు ప్రాణం లేచి వచ్చింది. నీ గొంతు మొత్తం నాకు ముట్టింది. అది పోగొట్టుకోవడం ఇష్టంలేక, నువ్వు అడిగిన అభిప్రాయాన్ని పక్కవాడి దగ్గర అరువు తెచ్చుకున్నాను.

తిట్టు. ఎంతైనా తిట్టు. కానీ రాయడం మానకు. ఇంకొక మాట. ఇది చదివి, నా కోసమని ఆ పాటలో మళ్ళీ డోలు పెట్టొద్దు. గడువు ఇంకా ఉంది. నీకు ఏది బాగుందనిపిస్తే అది పంపు.

అమ్మకు చెప్పకు.

ఉమామహేశ్వర


ఎమ్మిగనూరు,
ఆగస్టు 2.

అన్నా,

అమ్మకు చెప్పాను. నన్ను క్షమించమని అడగను. నీ ఉత్తరం చదువుతుంటే ఏడుపు ఆగలేదు, ఆమె మగ్గం దిగి వచ్చింది. దాచడం నావల్ల కాలేదు. మన ఇంట్లో దాచడం చాలు ఇక.

ఆమె ఆ కాగితం అందుకుని తిప్పి తిప్పి చూసింది. తర్వాత, "అంటే ఇన్నాళ్ళూ నేను గోడతో మాట్లాడుతాంటినా?" అంది. ఆ మాట నీకు రాయాలా వద్దా అని ఆలోచించాను. ఒకటీ దాచకూడదని నీకు చెప్పిందాన్ని నేనే కదా, అందుకే రాస్తున్నాను. సాయంత్రానికి మళ్ళీ ఆమే, "వాన్ని రమ్మను. మిషన్ కాడ ఒక్క దినం కూడా నిలబడొద్దని రాయి. ఈడ మగ్గానికి కండ్లుంటే సాలు" అంది. అన్నం తినలేదు.

పాట సంగతి. నువ్వు వద్దన్నా, నేను డోలు పెట్టాలనే కూర్చున్నాను. బొజ్జన్న మామను పిలిపించాను. ఎందుకో చెప్పలేదు. ఆయన సంతోషంగా వచ్చి రెండు రకాలుగా, మూడు రకాలుగా వాయించాడు, మెల్లగా కూడా వాయించాడు. ఆయన పోయాక అన్నీ విన్నాను. నువ్వు గుండె మీద పెట్టుకుని వింటావని తలచుకుంటూ విన్నాను.

ఎట్లా రాయాలో తెలియడం లేదు. శ్రోతలు చెప్పింది నిజం అన్నా. ఆ ఎద్దు అన్న పెద్దాయన చెప్పింది నిజం. డోలు వస్తే ఆ రేవులోకి మనుషులు వచ్చేస్తారు, జాతర వచ్చేస్తుంది. ఆ పాటకు ఎవరూ లేకపోవడమే అందం. నా అన్నకు వినబడాలని ఎంత ఉన్నా, నా చెవికి అది తప్పు అని తెలిసిపోయింది. తెలిశాక తెలియనట్టు ఉండలేకపోయాను.

హార్మోనియం ఒక్కటే ఉన్నది పంపాను. తీసుకున్నారు. నెట్లో కూడా పెట్టాను, విన్నవాళ్ళు కొందరు అప్పుడే రాస్తున్నారు. చాలా బాగుందంటున్నారు. చదువుతుంటే ఎవరినో పొగుడుతున్నట్టుంది. నీకు అందని పాటకు అంతమంది చప్పట్లు కొడుతున్నారు. నేను ఫోన్ మళ్ళీ బీరువాలో పెట్టేశాను.

నిన్ను తిట్టే ఓపిక నాకు లేదు. లారీ సంగతి చదివినప్పటి నుంచి వీధిలో బండి హారను మోగితే నాడె ఆపేసి బయటికి చూస్తున్నాను. నువ్వు చెవుల డాక్టరు దగ్గరికి పో. ఒక్కడివే పోకు, దావీదురాజును తీసుకుని పో. వాడికి మేము దండం పెట్టామని చెప్పు. డాక్టరు ఏమన్నాడో అన్నది అన్నట్టు రాయి. బాగా లేకపోతే బాగా లేదనే రాయి.

చౌడేశ్వరి


కమలాపురం,
ఆగస్టు 24.

పాపా,

కడపలో చెవుల డాక్టరుకు చూపించుకున్నాను. దావీదురాజు పని మానుకుని నాతో వచ్చాడు. గాజు గదిలో కూర్చోబెట్టి చెవులకు ఏవో తగిలించి, శబ్దం వినబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. చాలాసేపు నేను నొక్కకుండా కూర్చున్నాను. అద్దం అవతల దావీదురాజు ముఖం చూస్తే తెలిసిపోయింది, శబ్దాలు వస్తూనే ఉన్నాయని.

డాక్టరు కాగితం మీద రాసి చూపించాడు. పోయింది తిరిగి రాదు. ఉన్నది నిలుపుకోవాలంటే ఆ మిషన్ దగ్గర ఉండకూడదు. అంతే. నువ్వు అన్నది అన్నట్టు రాయమన్నావు, అందుకే రాశాను.

ఫ్యాక్టరీలో మేనేజరుకు నేనే చెప్పాను. వేరే పని ఏదైనా ఇమ్మని అడిగాను. ఆయన లారీ సంగతి విని, "నీకేమన్నా అయితే మా మెడకు సుట్టుకుంటాదప్పా, నువ్వు ఇంటికి పో" అన్నాడు. తిట్టలేదు, నా ముఖం కూడా చూడలేదు. ఆయన పెదాలు చూడడానికి నేనే పక్కకు వంగాల్సి వచ్చింది. ఆరేళ్ళ పని అట్లా అయిపోయింది. బయటికి వచ్చి గేటు పక్కన కూర్చున్నాను. ఏం చేయాలో ఇంకా తెలియదు. మగ్గం నా చేతికి మళ్ళీ వస్తుందో లేదో తెలియదు. అమ్మకు ఇది మెల్లగా చెప్పు.

చెవికి పెట్టుకునే మిషన్ ఒకటి పది రోజులు వాడి చూడమని ఇచ్చారు. పెట్టుకోగానే మొదట వినబడింది డాక్టరు గదిలో ఫ్యాను. తర్వాత దావీదురాజు చెప్పులు. వాడు నడిస్తే అంత చప్పుడవుతుందని నాకు తెలియదు. వాడు నా వెనక నిలబడి "ఏమప్పా" అన్నాడు. నేను తిరిగి చూశాను. వాడు తల తిప్పుకుని బయటికి పోయాడు.

గదికి వచ్చి నీ కార్డు పెట్టాను.

నాకు నచ్చలేదు పాపా.

నిజం రాయమన్నావు కదా. ఈ మిషన్‌లో హార్మోనియం రేకు డబ్బాలో గులకరాళ్ళు ఊపినట్టు ఉంది. పై స్వరాలు గీరుకుంటున్నాయి. అది మిషన్ తప్పని డాక్టరు ముందే చెప్పాడు, మాటల కోసం చేసిందట, పాటలకు సరిపోదట. సరే. కానీ ఒకటి మాత్రం మిషన్ తప్పు కాదు, నీదే. ఆటలో ఆ ఒంటరి మనిషి తిరిగి రేవుకు వచ్చే చోట నువ్వు తొందరపడ్డావు. ఇంకా ఇసుకలో ఉండాల్సిన మనిషిని చేయి పట్టి లాక్కొచ్చినట్టు గబగబా తెచ్చేశావు. మళ్ళీ మళ్ళీ విన్నాను, తొందరే. అంతమంది విని బాగుందన్నారంటున్నావు, వాళ్ళలో ఎవరికీ ఇది తట్టలేదా? ఇంకెవరి మాటా అరువు తెచ్చుకోలేదు. ఇది నా ఒక్కడి అభిప్రాయం.

డోలు తీసేయడం మంచిదే. అది రాయడానికి నాకు కష్టంగా ఉంది, అయినా మంచిదే.

ఆదివారం కర్నూలు బస్సుకు వస్తాను. వచ్చాక నా ఎదురుగా కూర్చుని ఆ చోటు మళ్ళీ వాయించు. ఈసారి తొందరపడకు. నాకు వినడానికి ఇప్పుడు కొంచెం టైము పడుతుంది.

నీ అన్న
ఉమామహేశ్వర